మిలిటరీ లారీ హబ్బు ఎందుకు కారింది?



పిడుగురాళ్ళ మీదుగా ఎప్పుడైనా వెళ్ళినవాళ్ళకు తెలిసే ఉంటుంది, బట్టీల దారిలో తిరిగే లారీలన్నిటిదీ ఒకటే రంగు. ఏ రంగు వేయించినా నెల తిరిగేసరికి సున్నపు దుమ్ము పట్టి తెల్లబడిపోతాయి. అలాంటి తెల్లటి చక్రం మీద ఒకరోజు నాకు నల్లటి చారలు కనపడ్డాయి. వెనక ఎడమ చక్రం, జంట టైర్లలో లోపలిది, దాని లోపలివైపు గోడ. హబ్బు దగ్గర మొదలై టైరు అంచుదాకా, సూర్యుడి బొమ్మకు పిల్లలు గీసే కిరణాల్లాగా, నూనె చారలు.

బండి మా బావమరిదిది. వేలంలో కొన్న పాత మిలిటరీ లారీ. వెనక క్రేను బిగించి క్వారీల దగ్గర బండరాళ్ళు ఎత్తడానికి, రోడ్డు దిగి గుంటలో పడ్డ బండ్లను పైకి లాగడానికి తిప్పుతుంటాడు. అది ఏ కంపెనీదో చెప్పను. చెప్పబోయే సంగతికి ఆ పేరుతో పనిలేదు. "బావా, ఆ సీలు ఇప్పటికి రెండుసార్లు మార్పించా. నెల కాకముందే మళ్ళీ కారుతోంది. ముప్పయ్యేళ్ళు పాలిటెక్నిక్కులో పాఠాలు చెప్పినోడివి గదా, ఏందో కాస్త చూడు" అన్నాడు.

హబ్బు బొమ్మ బోర్డు మీద గీయడం నాకు బాగా వచ్చు. కానీ బోర్డు మీద గీసిన హబ్బు ఏనాడూ కారలేదు. అందుకని నా పరువు కాపాడుకుంటూ, నరసరావుపేటలో నాకు తెలిసిన ఒక మేస్త్రి షెడ్డుకు పోదాం పదమన్నాను. ఎండన పడి బండి తోలుకుంటూ పోయాం.

మేస్త్రి మొదట ఆ వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని ఆ జిడ్డును చూపుడువేలితో తీసి వాసన చూశాడు. వేళ్ళ మధ్య రుద్దాడు. మా బావమరిదికి నవ్వొచ్చింది గానీ, చక్రం దగ్గర కారేవి మూడు రకాలు, మూడూ వేరే వేరే జబ్బులు. గ్రీజయితే ముద్దగా ఉంటుంది, బేరింగు వేడెక్కి కరిగిందన్నమాట. బ్రేకు ఆయిలయితే నీళ్ళలా పలచగా ఉండి, తగిలినచోట రంగు ఊడగొడుతుంది. అది వీల్ సిలిండరు జబ్బు. చిక్కగా ఉండి గంధకం వాసన కొడితే, అది మనవాళ్ళు తొంభై నంబరు అనే గేరు ఆయిలు. డిఫరెన్షియల్‌లో ఉండాల్సింది యాక్సిల్ గొట్టం వెంబడి నడుచుకుంటూ హబ్బులోకి వచ్చిందని అర్థం. మేస్త్రి వాసన చూసింది ఈ మూడోదాన్ని.

ఆ తర్వాత ఆయన చేసిన పని నాకు అప్పుడు అంతు పట్టలేదు. జాకీ వేయలేదు, పానా చక్రం మీద పెట్టనూ లేదు. బండి కిందికి దూరి, డిఫరెన్షియల్‌కు ఆయిలు పోసే మూత నట్టు మెల్లగా వదులు చేశాడు. బుస్సుమంది. పాము బుసకొట్టినట్టే. వెనకాలే నూనె సన్నటి ధార కట్టి కారింది. "విన్నారా మాస్టారూ?" అన్నాడు కిందనుంచే. "విన్నాను" అన్నాను. ఆ మాట నిజమే, చెవితో విన్నాను.

ఆ బుస సంగతి అక్కడ ఉంచి, అసలు మిలిటరీ లారీలు మన ఊళ్ళకు ఎలా వచ్చాయో రెండు మాటలు చెబుతాను. మా నాన్నగారి తరంవాళ్ళు వీటిని డిస్పోజల్ లారీలు అనేవారు. 1945లో రెండో ప్రపంచయుద్ధం ముగిశాక, తెచ్చిన బండ్లన్నీ తిరిగి ఓడలకు ఎక్కించడం దండగని అమెరికా, బ్రిటిష్ సైన్యాలు ఎన్నిటినో ఇక్కడే వదిలిపెట్టాయి. వాటిని వేలాల్లో అమ్మేశారు. 1951 నుంచి సరఫరాలు, డిస్పోజల్స్ డైరెక్టరేట్ జనరల్ అని ఢిల్లీలో ఒక ఆఫీసే ఉండేది. 2017లో దాన్ని మూసేశారు. ఇప్పుడు ప్రభుత్వ సంస్థ ఎం.ఎస్.టి.సి. కంప్యూటర్ల మీద వేలం వేస్తుంది. పద్ధతి మారినా షరతు మారలేదు: ఉన్న వస్తువు ఉన్నట్టుగా, ఉన్నచోటనే. తర్వాత కారినా కాలినా అడగడానికి లేదు.

స్వతంత్రం వచ్చాక మనమే సొంతంగా బండ్లు తయారు చేసుకున్నాం. జర్మనీలోని మాన్ కంపెనీ లైసెన్సుతో 1950ల చివర జబల్పూరులో మొదలైన శక్తిమాన్ అందులో పెద్దన్న. 1969లో అక్కడే వెహికల్ ఫ్యాక్టరీ పెట్టాక దాన్ని అందులో చేశారు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి అది. సైన్యం వదిలించుకున్నాక అలాంటి బండ్లు అడవుల్లో దుంగలకు, క్వారీల్లో రాళ్ళకు, రోడ్డు పక్క క్రేన్లకు కుదిరాయి. మామూలు లారీ దిగబడే చోట అవి దిగబడవు.

కానీ వాటికి ఒక గుణం ఉంది. మన లారీ తిరిగి తిరిగి అరుగుతుంది. మిలిటరీ లారీ చాలామటుకు నిలబడి నిలబడి ఎండుతుంది. డిపోలో ఏళ్ళ తరబడి ఒకేచోట ఉంటే హబ్బులో నూనె అడుగుకు దిగి, సీలు పైసగం పొడిబారుతుంది. రబ్బరు గట్టిపడి, ఇరుసుకు ఆనుకున్న ఆకారంలోనే బిగుసుకుపోతుంది. కిలోమీటర్లు చూస్తే కొత్త బండే. కొని పని మొదలెట్టిన మొదటి వేసవిలోనే నాలుగు హబ్బులూ ఒకదాని తర్వాత ఒకటి కళ్ళనీళ్ళు పెట్టుకుంటాయి. పైగా ముందు చక్రాలకు కూడా బలం అందాలి, వాగులో దిగినా నీళ్ళు లోపలికి పోకూడదు. అందుకని వీటికి సీళ్ళు కూడా మామూలు లారీకన్నా ఎక్కువే.

సీలు అంటే ఏమిటో మన ఎద్దుబండి పక్కన పెట్టి చూస్తే తేలిగ్గా తెలుస్తుంది. బండి చక్రానికి ఆకులు, పూటీలు, నడుమ కుండ. ఆ కుండే మనం హబ్బు అంటున్నది. ఇరుసు దాంట్లోంచి పోతుంది, చివర చక్రం జారకుండా శీల. ఎద్దుబండికి శీల ఉండేది, లారీకి సీలు వచ్చింది. పేర్లు దగ్గరే గానీ పనులు వేరు. శీల చక్రాన్ని ఆపుతుంది, సీలు నూనెను ఆపుతుంది. బండికి నూనెను ఆపే పనే లేదు. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి కందెన చేసి ఇరుసుకు పెట్టేవాళ్ళు. అది కారేది, కుండ చుట్టూ నల్లగా అంటుకునేది, తగిలిన పంచె మళ్ళీ తెల్లబడేది కాదు. ఎవరూ పట్టించుకోలేదు. ఎందుకంటే ఎద్దుబండికి కుండ పక్కన బ్రేకు లేదు. లారీకి హబ్బును ఆనుకునే డ్రమ్ము ఉంది, డ్రమ్ములో లైనర్లు ఉన్నాయి. సీలు దాటిన చెంచాడు నూనె అక్కడికే పోతుంది. నూనె తాగిన లైనరు పట్టదు. ఒకవైపు పట్టి ఒకవైపు పట్టకపోతే, బ్రేకు తొక్కినప్పుడు బండి పట్టినవైపుకు లాగుతుంది. వెనక పెద్ద బండరాయి వేలాడుతున్న క్రేను అలా లాగితే ఏమవుతుందో ఊహించుకోండి.

ఇంకో చిన్న సంగతి. ఇప్పుడు మనం ఆయిలు సీలు అంటున్న వస్తువు మొదట్లో తోలుతో చేసినది. జర్మనీలో ఫ్రాయిడెన్‌బర్గ్ అనే తోళ్ళు ఊనే కంపెనీ 1929లో తోలు సీళ్ళు మొదలుపెట్టింది. వాల్టర్ జిమ్మర్ అనే ఇంజనీరు పేరు మీద ఆ దేశంలో ఇప్పటికీ వాటిని జిమ్మర్ రింగులనే అంటారు. కృత్రిమ రబ్బరు ఆ తర్వాత వచ్చింది. మోట తోలుకు నూనె పట్టించి మెత్తబరచిన రైతుకు ఈ కిటుకు ఎవరూ చెప్పనక్కర్లేదు: తోలు తడిగా ఉన్నంతసేపే మూతవేస్తుంది, ఎండితే పగులుతుంది. పాత యుద్ధకాలపు బండ్లకు తోలు సీళ్ళు దొరికితే, బిగించే ముందు నూనెలో నానబెట్టాలి.

సరే, షెడ్డుకు వద్దాం. చక్రాలు విప్పే ముందు మేస్త్రి రెండు పనులు చేశాడు. ముందు చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టాడు. జాకీ ఎత్తాక, జాకీని నమ్మకుండా, ఇరుసు కింద చెక్కదిమ్మలు పేర్చి బరువంతా వాటి మీదకు దించాడు. ఇక మిలిటరీ బండ్ల రిమ్ముల గురించి ఒక హెచ్చరిక నేను చెప్పి తీరాలి. పాతవాటిలో కొన్నిటికి రిమ్ము రెండు ముక్కలుగా ఉండి, ఆ రెంటినీ కలిపి పట్టే నట్లు ఒక వరస, చక్రాన్ని హబ్బుకు పట్టే నట్లు ఇంకో వరస ఉంటాయి. గాలి ఉండగా మొదటి వరస విప్పితే రిమ్ము పేలి మనిషి ప్రాణం తీస్తుంది. బ్రిటిష్ సైన్యం ఆ నట్లకు ఎర్రరంగు పూసి పెట్టేది. నలుగురు చేతులు మారి, మూడుసార్లు రంగు వేసిన బండికి ఆ ఎరుపు ఎక్కడ మిగులుతుంది? ఏ వరస ఏదో తెలియకపోతే ముందు టైర్లలో గాలి మొత్తం తీసేయండి. గాలి మళ్ళీ పట్టించుకోవచ్చు.

చక్రాలు ఊడాయి. హబ్బు మధ్య పళ్ళెంలాంటి మూతకు చుట్టూ ఉన్న బోల్టులు తీసి యాక్సిల్ షాఫ్టును ఒరలోంచి కత్తి దూసినట్టు దూశాడు. చూసేవాళ్ళకు ఆశ్చర్యం, షాఫ్టు తీసినా హబ్బు కదలదు. బండి బరువు మోసేది షాఫ్టు కాదు, దాని బయటి గొట్టం. షాఫ్టు పని తిప్పడం ఒక్కటే. ఆ గొట్టం చివర రెండు నట్లు, వాటి మధ్య మడతపెట్టిన తాళం రేకు. రేకు మడత విప్పి, నట్లు తీసి, బయటి బేరింగు చేతిలోకి తీసుకుని, డ్రమ్ముతో సహా హబ్బును ఇద్దరు మనుషులు పట్టి బయటకు లాగారు. ముక్కు పగిలేంత మాడు కంపు. లైనర్లు నూనె తాగి నల్లగా మెరుస్తున్నాయి.

షెడ్డులో పనిచేసే కుర్రాడు గాలి గొట్టం తెచ్చి డ్రమ్ము ఊదబోయాడు. మేస్త్రి కసిరాడు. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే మళ్ళీ బయటకు రాదు. తడిగుడ్డతో తుడవాలే గానీ ఊదకూడదు. ఈ మాట ఆయన ఏ పుస్తకంలోనూ చదవలేదు, తన గురువు దగ్గు విని నేర్చుకున్నాడు. లైనర్లను పెట్రోలుతో కడిగి, నిప్పు పెట్టి నూనె కాల్చేసి మళ్ళీ వాడే అలవాటు మనవైపు ఉంది. పైకి ఆరినట్టు కనిపిస్తాయి. మొదటి ఘాటు దిగేటప్పుడు వేడికి లోపలి నూనె మళ్ళీ పైకి వస్తుంది. ఆ లైనర్లు పారేయాల్సిందే. రెండువైపులా కొత్తవి వేయాల్సిందే.

సీలు బయటకు తీసి నా చేతిలో పెట్టాడు. నెల కిందటిది, మెత్తగా ఉంది, లోపలి స్ప్రింగు జారలేదు, పెదవి చిట్లలేదు. వంకరగా కూర్చున్న గుర్తు కూడా లేదు. "ఇంతకుముందు వేసినోళ్ళను తిట్టబాకండి మాస్టారూ, బాగానే వేశారు" అన్నాడు. సీలు పెదవి రాసుకునేచోట ఇరుసు గొట్టాన్ని శుభ్రంగా తుడిచి, బొటనవేలి గోరు దాని మీదుగా నడిపాడు. ఏళ్ళ తరబడి రబ్బరు, దుమ్ము కలిసి ఇనుమును కూడా కోస్తాయి. గోరు తట్టుకునేంత గాడి పడితే ఎంత మంచి సీలు వేసినా కారుతుంది. అప్పుడు పావు మిల్లీమీటరు మందంలో దొరికే స్టీలు తొడుగు ఎక్కించాలి, లేదంటే వెల్డింగు పెట్టి లేతు మీద తిప్పించాలి. ఇక్కడ గోరు తట్టుకోలేదు. బేరింగు రోలర్లు వేడికి నీలం తిరగలేదు, కప్పుల్లో గుంటలు లేవు. అన్నీ బాగున్నాయి, హబ్బు మాత్రం కారుతోంది.

అప్పుడు మమ్మల్ని మళ్ళీ బండి వెనక్కి పిలిచాడు. యాక్సిల్ హౌసింగు పైన, ఒక పక్కగా, వేలెడు పొడవున తెగిన గొట్టం మొండెం ఉంది. దాని నోట్లో సున్నపు దుమ్ము నూనెతో కలిసి, వానకు తడిసి, ఎండకు ఆరి, సిమెంటులా గట్టిపడిపోయి ఉంది. సన్న ఉలితో కొడితే గాని ఊడలేదు. అది హౌసింగు ఊపిరి తీసుకునే గొట్టం. మేస్త్రీలు బ్రీదరు అంటారు. సైన్యం ఇచ్చినప్పుడు దానికి పొడుగాటి పైపు తగిలించి, ఛాసిస్ పైదాకా తీసుకుపోయి ఉంటుంది. వాగు దాటేటప్పుడు నీటికి పైన ఊపిరి తీసుకోవడానికన్నమాట. క్రేను బిగించినవాళ్ళకు అది అడ్డం వచ్చింది. ఇదేదో పనికిమాలిన గొట్టమని కోసేశారు.

ఇక బుస సంగతి. నాకప్పుడు పాఠం గుర్తొచ్చి సిగ్గేసింది. పొద్దున 30 డిగ్రీల్లో ఉన్న హౌసింగు, మన రెంటచింతల ఎండలో బరువు లాగుతూ 90 డిగ్రీలకు చేరిందనుకోండి. లోపల గాలి బయటకు పోయే దారి లేకపోతే ఒత్తిడి అయిదోవంతు పెరుగుతుంది. అంటే రెండు మీటర్ల ఎత్తు నీళ్ళ ట్యాంకు అడుగున ఉన్నంత ఒత్తిడి. సీలు పెదవి జారే నూనెను ఆపడానికి చేసినది గానీ, తోసుకొచ్చే నూనెకు అడ్డం నిలబడటానికి కాదు. పై గొట్టం మూసుకున్నాక గాలి కింది పెదవిలోంచి ఊపిరి వదిలింది, వదిలినప్పుడల్లా నూనెను వెంటబెట్టుకుపోయింది. ఈ లెక్క నేను కనీసం ఇరవైసార్లు బోర్డు మీద చేయించి ఉంటాను. గాలి, ఉష్ణోగ్రత, మూసిన పాత్ర. ఆ మూసిన పాత్ర మా బావమరిది లారీ కింద ఉంటుందని మాత్రం తోచలేదు.

దీనికి ఉల్టా జబ్బు కూడా ఉంది. వేడిగా ఉన్న ఇరుసుతో బండి చంద్రవంక వాగులోనో నాగులేరులోనో దిగితే, లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి ముడుచుకుంటుంది. పైనుంచి గాలి పీల్చే దారి లేక, సీలు పెదవి పక్కనుంచి నీళ్ళు పీలుస్తుంది. మర్నాడు మూత తీసి చూస్తే నూనె మజ్జిగలా తెల్లగా ఉంటుంది. అలా తేలిందంటే ఒక్క సీలు మార్చి ఊరుకోకూడదు. నూనె మొత్తం దింపి, బేరింగులన్నీ కడిగి చూడాలి.

రెండో తప్పు మా బావమరిదిది. నూనె కారుతోందని తెలిసినప్పటి నుంచి లెక్క లేకుండా పోస్తూనే ఉన్నాడు. పోసే రంధ్రం అంచుదాకా ఉంటే చాలు. ఇక్కడ అంతకన్నా పైకి నిలిచింది. మూత వదులు చేయగానే ధార కట్టింది అందుకే. ఎక్కువైన నూనె యాక్సిల్ గొట్టాల్లోకి ఇంకా తేలిగ్గా నడిచింది. "కారేదానికి పోస్తే ఎక్కువ కారిద్ది గదయ్యా" అన్నాడు మేస్త్రి. ఆ ఒక్కమాటకు మా వాడి మొహం చిన్నబోయింది.

కొత్త సీలు వెతకడం ఒక కథ. ఇలాంటి బండికి పార్టుల పుస్తకం దొరకదు. పాత సీలు ముఖం మీద మూడు అంకెలు చెక్కి ఉంటాయి: లోపలి కొలత, బయటి కొలత, మందం, మిల్లీమీటర్లలో. అవి చెరిగిపోతే వెర్నియరుతో ఇరుసునూ హబ్బునూ కొలుచుకుని విజయవాడ ఆటోనగర్ పోవడమే. అక్కడ బండి పేరు చెబితే తల అడ్డంగా ఊపుతారు, కొలతలు చెబితే అరల్లోంచి తీస్తారు. మా వాడు అంతకుముందే ఎక్కడో మిలిటరీ ప్యాకెట్టులో ఉన్న సీలు ఒకటి సంపాదించి, అసలు సరుకని మురుస్తూ తెచ్చాడు. ప్యాకెట్టు ముట్టుకోకుండా ఉంది, మైనపు కాగితం చుట్టి ఉంది. మేస్త్రి దాన్ని వేళ్ళ మధ్య వంచాడు. సన్నగా పగుళ్ళు తేలాయి. రబ్బరుకు ప్యాకెట్టులో ఉన్నా వయసొస్తుంది. పదేళ్ళు దాటిన సీలును నేనైతే నమ్మను, దాని మీద ఎన్ని ముద్రలున్నా సరే.

బిగింపు గురించి ఎక్కువ చెప్పను, చూసి నేర్చుకోవాల్సిందే. సీలు నోరు నూనె ఉన్నవైపుకు తిరగాలి. పెదవికి నూనె రాయాలి, పొడిగా ఎక్కిస్తే మొదటి చుట్టులోనే కాలుతుంది. సుత్తితో నేరుగా కొట్టకూడదు. మేస్త్రి పాత బేరింగు కప్పును దాని మీద బోర్లించి, నాలుగువైపులా సమంగా తట్టి దింపాడు. గాడి ఇప్పుడు లేకపోయినా రేపటికి పడుతుందని, పాత చోటుకు రెండు మిల్లీమీటర్లు ఇవతలే ఆపాడు. బేరింగులకు గ్రీజు అరచేత్తో నొక్కి నొక్కి ప్రతి రోలరు సందులోకీ ఎక్కించాడు. నట్టు బిగించేటప్పుడు హబ్బును తిప్పుతూ గట్టిగా బిగించి, మళ్ళీ ఆరోవంతు చుట్టు వెనక్కి వదిలాడు. డ్రమ్మును రెండు చేతులా పట్టి ఊపితే కదలకూడదు, వేలితో తోస్తే ఆగకూడదు. బేరింగు వదులైతే హబ్బు ఊగుతుంది, హబ్బు ఊగితే సీలు పెదవి ఒకవైపు తెరుచుకుంటుంది.

చివరగా ఆ మొండి గొట్టానికి పొడుగాటి రబ్బరు పైపు తొడిగి, ఛాసిస్ మీదుగా క్యాబిను వెనకదాకా తీసుకుపోయి, కొసను కిందికి వంచి కట్టాడు. పైపుకు ఇచ్చింది వందలోపే. సీళ్ళకు, లైనర్లకు, మూడుసార్ల కూలికి, పోయిన నూనెకు అయిన ఖర్చు ఎంతో మా బావమరిది నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

అది జరిగి రెండు వేసవులు గడిచాయి. మొన్న రాత్రి దాచేపల్లి దగ్గరనుంచి ఫోను చేశాడు. "బావా, ఈసారి ముందు కుడిపక్క చక్రం కారుతోంది."

"పైపు చూశావా?"

"చూశా. బాగానే ఉంది. వాసన కూడా చూశా. గంధకం కాదు, పలచగా ఉంది, రంగు ఊడగొడుతోంది. సీలు కాదు బావా, సిలిండరు" అన్నాడు. పొద్దున్నే మేస్త్రి దగ్గరకు పోతానని చెప్పి, బండి అక్కడే దిమ్మలు పెట్టి ఆపేశాడట.